మిరప మొక్క ఎండకు అలవాటు పడుతుందా?

మేడతోట (విజయవాడ): మే నెలలో షేడ్‌నెట్ కింద పెంచిన మిరప నారు తెచ్చి మేడమీద కుండీల్లో నాటాను. రెండో రోజుకే ఆకులు తెల్లటి కాగితాల్లా అయ్యాయి. అమ్మినతను "ఎండకు అలవాటు లేదండీ" అన్నాడు. మొక్కకు అలవాటు ఉంటుందా?

జీవశాస్త్రం మాస్టారు: ఉంటుంది. వేడికి కణంలోని ప్రోటీన్ల మడతలు చెదురుతాయి. మామూలు రోజుల్లో హెచ్‌ఎస్‌పీ 70, హెచ్‌ఎస్‌పీ 90 అనే ప్రోటీన్లు హెచ్‌ఎస్‌ఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను కదలకుండా పట్టుకుని ఉంటాయి. వేడి తగలగానే దాన్ని వదిలి, చెదిరినవాటిని చక్కదిద్దడానికి పోతాయి. విడుదలైన హెచ్‌ఎస్‌ఎఫ్‌లు మూడు మూడుగా కలిసి డీఎన్‌ఏను పట్టుకుని మరిన్ని హెచ్‌ఎస్‌పీలను తయారు చేయిస్తాయి. ముందు ఓ మోస్తరు వేడి తగిలిన మొక్క, తరువాత పెద్ద వేడిని తట్టుకునేది ఇందువల్లే. మీ ఆకులు తెల్లబడడంలో నేరుగా పడిన వెలుగుకూ వాటా ఉంది.

ఎర్ర బంగారం (గుంటూరు): గుంటూరు మిర్చికి ఎండ పాఠాలా? ఎండలో పుట్టిన పంట అది.

జీవశాస్త్రం మాస్టారు: పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసువాళ్లు ఇక్కడికి తెచ్చారు.

ఎర్ర బంగారం: వచ్చి వందల ఏళ్లయింది. ఆ అలవాటు చాలదా?

జీవశాస్త్రం మాస్టారు: నేను చెప్పిన అలవాటు కొన్ని రోజులే నిలుస్తుంది. వందల ఏళ్ల లెక్క వేరు.

కుండీల పిచ్చి: షేడ్‌నెట్ మీటరు ఎంతండీ?

ఎర్ర బంగారం: నిరుడు ఆలస్యంగా నాటాను. ఫిబ్రవరి చివర ఎకరం పూత రాలింది. ఆకు పచ్చగానే ఉంది, కొమ్మ తడితే పూలు కాడతో సహా రాలాయి. మీ హెచ్‌ఎస్‌పీలు ఆకును కాపాడి పూతను వదిలేశాయా?

జీవశాస్త్రం మాస్టారు: దాదాపు అంతే. ఆకు తట్టుకున్న వేడికి పుప్పొడి తట్టుకోలేదు. రాత్రి కూడా చల్లబడకపోతే పిందె కట్టదు.

ఎర్ర బంగారం: విత్తనాల కొట్టతనూ ఇదే అన్నాడు, "ఎండండీ, నేనేం చేయను" అని! మీకు నెల తిరిగితే జీతం. నాకు పూత రాలితే ఏడాది పోయినట్టే. పక్క చేలో అదే వారం నాటిన వేరే రకం కాసింది. అక్కడ ఎండ లేదా?

జీవశాస్త్రం మాస్టారు: ఈ మాట మొదటే చెప్పవలసింది. తట్టుకునే శక్తి రకాన్ని బట్టి మారుతుంది. ఆలస్యపు నాటుకు ఆ రకం పనికిరాదని చెప్పవలసింది అమ్మినవాడే. ఎండ పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు.

ఎర్ర బంగారం: నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా. బిల్లు అడిగితే తరువాత ఇస్తానన్నాడు. ఇవ్వలేదు.

మేడతోట: నాకూ ఇవ్వలేదు.