గడ్డిమందు కొట్టేవాళ్ళ కిడ్నీలకి మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష: ఇప్పుడే అడగాలా, ఆగాలా?

పాలకొల్లు_ల్యాబు

మా మావయ్య సంగతితో మొదలెడతాను. పోయిన దాళ్వాలో గట్ల మీద పారాక్వాట్ అనే గడ్డిమందు కొట్టాడు. వీపున ఉన్న ట్యాంకు అడుగున వాషరు పోయి మందు కారుతోంది. నడుం దాకా చొక్కా తడిసినా, ఇంకో రెండు గట్లే కదా అని పూర్తిచేసే ఇంటికొచ్చాడు. రాత్రికి వీపంతా బొబ్బలు. ఆసుపత్రికి తీసుకెళ్తే క్రియాటినిన్ 0.9 వచ్చింది. కిడ్నీలు బాగున్నాయని పంపేశారు. మూడో రోజు పొద్దున చూస్తే 3.8. డయాలసిస్ పడింది. దేవుడి దయవల్ల మనిషి దక్కాడు.

ఆ 0.9 నిన్నటి కిడ్నీది. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటికి తోడెయ్యలేక రక్తంలో పేరుకుంటే గాని అంకె కదలదు. వడపోత సగం దెబ్బతిన్నా రిపోర్టు మామూలుగా ఉండొచ్చు.

పారాక్వాట్ లాంటి విషం ముందు దెబ్బతీసేది కిడ్నీలోని సన్న గొట్టాల లోపలి కణాల్ని. అవి చితికినప్పుడు వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మూత్రంలోకి వస్తాయి. సుమారు 22 అక్షరాల పొడవుండే చిట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలివి, కణంలో జన్యువుల పనిని అదుపు చేస్తాయి. 1993లో నులిపురుగులో వీటి పని కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కన్‌లకి 2024లో నోబెల్ వచ్చింది. మామూలు ఆర్‌ఎన్‌ఏ మూత్రంలో ఇట్టే కరిగిపోతుంది. ఇవి సూక్ష్మమైన బుడగల్లోనో ప్రొటీన్లకి అంటుకునో ఉంటాయి కాబట్టి నిలుస్తాయి. చదవడానికి కావల్సింది కోవిడ్ కాలంలో మనకొచ్చిన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రమే. మరి మన గోదావరి డెల్టాలో మందు కొట్టేవాళ్ళకి ఈ పరీక్ష పెట్టమని ఎందుకు అడగకూడదు?

నెఫ్రో_కాకినాడ

మీ మావయ్య గారు కోలుకున్నందుకు సంతోషమండి. కానీ అక్కడ జరిగిన తప్పు క్రియాటినిన్ మీదకి నెట్టకండి. ఒక్కసారి చూసి పంపెయ్యడమే తప్పు. 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న నిర్వచనం ప్రకారం 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే. అంటే రెండోసారి చూడకుండా తేల్చకూడదు. మర్నాడు పొద్దున మళ్ళీ రక్తం తీసి ఉంటే చాలావరకు ఒక రోజు ముందే తెలిసేది.

పారాక్వాట్‌కి ఇంకా చవకైన పరీక్ష ఉంది. మూత్రంలో కాస్త క్షారం, చిటికెడు సోడియం డైథయోనైట్ వేస్తే మందు తగినంత ఉన్నప్పుడు నీలం తిరుగుతుంది. అది అందుబాటులో లేని చోట్లు ఎన్నో. ముందు దాన్ని అడగండి.

లంక_రైతు

డాక్టరు గారండీ, ల్యాబు బాబూ, మీరిద్దరూ మందు ఒంటి మీద పడ్డాక సంగతే మాట్లాడుతున్నారు. మా లంకలో ట్యాంకు వాషరు ఎండాకాలం అంతా ఎండిపోయి పగులుతుంది. అది మార్చుకుని, చేతులకి తొడుగు, వీపుకి ప్లాస్టిక్ పట్టా వేసుకుంటే ఈ పరీక్షల గొడవే ఉండదు కదా?

పాలకొల్లు_ల్యాబు

ఒప్పుకుంటానండి. కానీ మే నెల ఎండలో వీపుకి పట్టా కట్టుకుని పంపు కొట్టిన వాడు మీకెవరైనా తెలుసా? ఒక్కసారి తడిస్తే సరే, మా మావయ్యకిలా బయటపడుతుంది. ఏటా సార్వాకీ దాళ్వాకీ కొద్దికొద్దిగా తడిసేవాళ్ళ మాటేంటి? వాళ్ళ క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీలో మచ్చలు పడిపోయి ఉంటాయి. నా బెంగ వాళ్ళ గురించే.

రీసెర్చ్_అమలాపురం

నేను మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీదే పనిచేస్తున్నాను. ఈ పరీక్ష రావాలని అందరికంటే ఎక్కువ కోరుకునేదాన్ని నేనే. అందుకే ఉన్నదున్నట్టు చెప్తాను.

కాలేయానికి మిర్-122 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉంది. కాలేయ కణంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో సింహభాగం అదే, మిగతా అవయవాల్లో లేనట్టే. పారాసెటమాల్ ఎక్కువ మింగినవాళ్ళ రక్తంలో అది పెరిగితే కాలేయం చితికిందని వేలు పెట్టి చూపొచ్చు. కిడ్నీకి అంతటి సొంత గుర్తు ఇంకా దొరకలేదు. మిర్-192, మిర్-194 కిడ్నీలో బాగా ఉంటాయి. పేగులోనూ కాలేయంలోనూ ఉంటాయి. అందరూ చెప్పే మిర్-21 కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది. కొన్ని క్యాన్సర్లలోనూ పెరుగుతుంది. మన చేలల్లో వానాకాలం ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కిడ్నీని పట్టేదే. మిర్-21 ఒక్కటే పెరిగితే దాన్ని మందు ఖాతాలో వెయ్యాలా, జ్వరం ఖాతాలో వెయ్యాలా?

రెండోది ఇంకా పెద్ద చిక్కు. పీసీఆర్‌లో సీటీ అంకె, అంటే సరుకు కనపడేదాకా యంత్రం తిప్పిన చుట్ల లెక్క, ఒకటి తగ్గితే సరుకు రెండింతలున్నట్టు. 31కి బదులు 28 వస్తే ఎనిమిదింతలు. బాగానే ఉంది. కానీ ఒకరు చెంబెడు మజ్జిగ తాగొచ్చారు, ఇంకొకరు పొద్దుటి నుంచి నీళ్ళే ముట్టలేదు. ఇద్దరి మూత్రం చిక్కదనం వేరు. మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగించి సరిచేద్దామంటే, కిడ్నీ దెబ్బతిన్న రోజుల్లో ఆ క్రియాటినినే నిలకడగా రాదు. దేనితో పోల్చాలన్నది ల్యాబుకో పద్ధతి. మూత్రంలో రక్తం కలిస్తే రక్తకణాల ముక్కలూ లెక్కలోకి వచ్చేస్తాయి.

ఆశా_రాజోలు

చిక్కదనం అన్నారు కాబట్టి ఒక మాట. ఊడ్పులకీ కలుపుకీ వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే నీళ్ళు తాగరండి. చేలో మరుగు ఉండదు కదా, మధ్యాహ్నం దాకా బిగబట్టుకుంటారు. మందు కొట్టిన చేలోనే మర్నాడు దిగుతారు. మీ పరీక్షలో వాళ్ళ లెక్క ఎలా వేస్తారో ముందే ఆలోచించండి. సాయంత్రం నాలుగింటికి వెళ్ళి సీసా ఇమ్మంటే వచ్చేది ముదురు పసుపే.

నెఫ్రో_కాకినాడ

ఆశా గారూ, ఇది మాకెవరూ చెప్పని విషయం. ధన్యవాదాలు.

ల్యాబు గారికి ఇంకొకటి. 2008లో అమెరికా, ఐరోపా మందుల నియంత్రణ సంస్థలు ఎలుకల ప్రయోగాల్లో కిడ్నీ విషాన్ని పట్టడానికి ఏడు మూత్ర గుర్తుల్ని ఒప్పుకున్నాయి. దెబ్బతిన్న కిడ్నీ గొట్టాల నుంచి మూత్రంలోకి వచ్చే కిమ్-1 అందులో ఒకటి. మనుషుల మీద తొలిదశ మందుల ప్రయోగాలకి ఆరింటిని కలిపి అమెరికా ఒప్పుకునేసరికి 2018 వచ్చింది. అన్నీ ప్రొటీన్లే. అవే ఇంకా పల్లె ఆసుపత్రికి చేరలేదు. వాటిని దాటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చేతిలో పెడితే ఆ మనిషికి నేనేం చెప్పను? పెరిగిందంటాను. ఎంత పెరిగితే ప్రమాదం అని అడిగితే నా దగ్గర గీత లేదు.

పాలకొల్లు_ల్యాబు

గీత ఎవరు గీస్తారు సార్? మన చేలల్లో తడిసేవాళ్ళ మూత్రం చూడకుండా ఎక్కడో గీసిన గీత మనకి ఎలా పనికొస్తుంది?

రీసెర్చ్_అమలాపురం

ఇక్కడ నేను ల్యాబు గారి వైపే. మనిషిని పక్కవాడితో పోలిస్తే అన్ని చిక్కులూ ఉన్నాయి. అదే మనిషిని అతనితోనే పోలిస్తే చాలా తగ్గుతాయి. దాళ్వా మందులు మొదలవ్వక ముందు ఒక సీసా, పంపు కొట్టిన మర్నాడు ఒకటి, కోతల తర్వాత ఒకటి. మూడూ పొద్దుటి తొలి మూత్రమే. రోజుల తరబడి ఇంట్లో ఉంచకూడదు. ఐస్‌లో పెట్టి ఆ రోజే ల్యాబుకి తెచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మైనస్ 80 డిగ్రీల చలిలో దాచాలి. పక్కనే క్రియాటినిన్, కిమ్-1 కూడా చూడాలి. అప్పుడే ఏది ముందు కదిలిందో తెలుస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతీ, ప్రతి మనిషి సంతకమూ లేకుండా ఒక్క సీసా కూడా తీసుకోకూడదు.

నెఫ్రో_కాకినాడ

అలాగైతే నాకు అభ్యంతరం లేదు. దాన్ని పరిశోధన అనే చెప్పండి, వైద్య పరీక్ష అనకండి. ఈలోగా ఒంటి మీద మందు పడి వచ్చిన ప్రతి మనిషికీ మూడు రోజులు వరసగా క్రియాటినిన్ తియ్యాలి. తొలి రిపోర్టు బాగుందని ఎవర్నీ పంపకండి. ఈ మాట మీద మాత్రం నేను తగ్గను.

లంక_రైతు

మా ఊళ్ళో పంపు కొట్టేవాళ్ళు పదకొండు మంది. రొయ్యల ఐసు పెట్టెలు మా ఇంట్లోనే ఉన్నాయి. కాకపోతే సీసా ఇచ్చిన మనిషికి తన అంకె తనకి చెప్తారా, చెప్పరా? చెప్పకపోతే మావాళ్ళు ఒక్కరూ ఇవ్వరండి.

రీసెర్చ్_అమలాపురం

క్రియాటినిన్ అదే వారం చెప్పొచ్చు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంకె చెప్పాలా వద్దా అన్నది మా దగ్గరా తేలలేదు. ఏం చేద్దాం, డాక్టరు గారూ?