స్టేజీ మీద కోరస్ వెనక వరుస ట్రాక్ కంటే వెనకబడుతోంది, ఏం చేయాలి?

మా స్కూల్ సంగీత నాటకానికి ఇంకా 9 రోజులే ఉన్నాయి. కోరస్‌లో 24 మంది పిల్లలు, రికార్డు చేసిన ట్రాక్‌తో పాడతారు. క్లాసులో కూర్చుని పాడితే తాళం ఎక్కడా తప్పదు. స్టేజీ ఎక్కి అడుగులు వేస్తూ పాడితే మాత్రం రెండో చరణానికల్లా వెనక వరుస వెనకబడిపోతోంది. ముందు వరుస బాగానే ఉంటుంది.

స్పీకర్లు రెండూ స్టేజీ ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉన్నాయి. హాలు పొడవు 20 మీటర్లు. స్టేజీ మీద వెనక వరుసలో నిలబడి విన్నాను. ఎదురు గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దమే ఎక్కువగా వినిపిస్తోంది, అంటే 0.1 సెకను పైనే ఆలస్యం.

సౌండ్ పెంచితే పైన వేలాడదీసిన మైకులు కీచుమన్నాయి. పక్క తెర చాటున చిన్న స్పీకర్ పెడితే అటువైపున్న ఆరుగురికే పనికొచ్చింది. టీచర్ ముందు నిలబడి చేత్తో తాళం వేశారు కానీ, గిరుక్కున తిరిగే చోట పిల్లలకు కనిపించదు. నిన్న ఓ పాప పాట అందక ఆగిపోయి, పక్కమ్మాయి పెదాలకేసి చూస్తూ నిలబడింది. చాలా బాధేసింది. అడుగులు తగ్గిద్దామంటే, వాటిని నేర్పిన పెద్ద క్లాసు పిల్లల రెండు నెలల కష్టం గుర్తొచ్చి మనసొప్పడం లేదు.

మైకులు కీచుమనకుండా వెనక వరుసకు ట్రాక్ నేరుగా వినిపించాలంటే ఆ చిన్న స్పీకర్‌ను ఎక్కడ, ఎటు తిప్పి పెట్టాలి?