లిమిటింగ్ రియేజెంట్ (రియాక్షన్ల ముందు అయిపోయేది) అంటే మోల్స్ తక్కువున్నదే కాదా? ఆన్సర్ కీల వేరేది ఉంది

హన్మకొండ_ఎంపీసీ:
అన్నలూ అక్కలూ, ఇంటర్ ఫస్టియర్ నేను. 56 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చి అమ్మోనియా ఎంత వస్తది అన్నడు. గ్రాములు తక్కువున్నయని ఫస్ట్ హైడ్రోజన్ అన్న, సార్ గ్రాములు కాదురా మోల్స్ చూడు అని తిట్టిండు, సరే అని గ్రాములను ఒక్క మోల్ బరువుతోని (నైట్రోజన్‌కు 28, హైడ్రోజన్‌కు 2) భాగించి మోల్స్ తీస్తే నైట్రోజన్ 2, హైడ్రోజన్ 5 వచ్చినయ్, 2 చిన్నది కాబట్టి నైట్రోజనే ముందు అయిపోతది అనుకొని 4 మోల్స్ అమ్మోనియా, అంటే 68 గ్రాములు రాసిన. కీల 56.67 ఉంది. హాస్టల్ల రాత్రి నుంచి గిదే కొట్లాట. కీ తప్పా నేను తప్పా?

బొగ్గుబాయి_పోరడు:
కీ తప్పు లేదు తమ్మీ. నువ్వు పోసింది 56 ప్లస్ 10, మొత్తం 66 గ్రాములు. తీసింది 68. ఆ రెండు గ్రాములు ఎవరింట్ల నుంచి తెచ్చినవ్ 😄

ట్యూషన్_అక్క:
నవ్వకుర్రి, ఫస్టియర్‌ల అందరం చేసిన తప్పే. మేడారం జాతరల మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేస్తరు కదా, ఒక్క గంజుకు మూడు రాళ్లు. నీ దగ్గర 2 గంజులు, 5 రాళ్లు ఉన్నయ్. ఎన్ని గంజులు ఎక్కుతయ్? ఒకటే, రెండోదానికి ఒక రాయి తక్కువ. రాళ్లే ఎక్కువున్నయ్, కానీ వంట ఆగింది రాళ్ల కాడనే. నీ ఈక్వేషన్ కూడా గంతే, ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్, వచ్చేది రెండు అమ్మోనియా. అందుకే మోల్స్ తీసి ఆగొద్దు, ఈక్వేషన్ల దాని ముందటున్న అంకె, అదే కోఎఫిషియెంట్‌తోని భాగించి అప్పుడు ఏది చిన్నదో చూడు.

హన్మకొండ_ఎంపీసీ:
2 బై 1 అంటే 2, 5 బై 3 అంటే 1.67... హైడ్రోజనే! 1.67 ఇంటు 2 అంటే 3.33 మోల్స్, ఇంటు 17 (అమ్మోనియా ఒక్క మోల్ బరువు), 56.67 గ్రాములు వచ్చింది అక్కా. నైట్రోజన్ 9.33 గ్రాములు మిగిలింది, రెండూ కలిపితే కరెక్ట్‌గ 66. అయితే నేను ఫస్ట్ చెప్పిందే రైట్ కదా, సార్ ఊకెనే తిట్టిండు 🙄

ట్యూషన్_అక్క:
ఆన్సర్ కలిసింది, కారణం కలవలే. అదే 10 గ్రాముల హైడ్రోజన్‌కు నైట్రోజన్ 28 గ్రాములే ఇస్తే? 1 కి 1.67, ఈసారి ముందు అయిపోయేది నైట్రోజన్, గ్రాములల్ల అదే ఎక్కువున్నా సరే. సార్ తిట్టింది గందుకే.

గోదావరిఖని_మామ:
ఇవన్నీ కాగితం మీది లెక్కలు బిడ్డా. మా రామగుండం యూరియా ఫ్యాక్టరీల గ్యాస్ ఒకటికి మూడు లెక్కనే పంపుతరు, అయినా ఒక్కసారి కెటలిస్ట్ మీదికెళ్లి పోతే మొత్తం అమ్మోనియా కాదు, చల్లబెట్టి అమ్మోనియాను తీసేసి, మిగిలిన గ్యాస్‌ను మళ్ల అండ్లనే తిప్పుతరు. ప్లాంటు కెపాసిటీ రోజుకు 2200 టన్నుల అమ్మోనియా, 3850 టన్నుల యూరియా. రెండు అమ్మోనియాకు ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక యూరియా. కార్బన్ డయాక్సైడ్ కావల్సినంత ఉన్నదనుకొని, 2200 టన్నులకు యూరియా ఎంతో నువ్వే తియ్యి.

హన్మకొండ_ఎంపీసీ:
రెండు అమ్మోనియా అంటే 34, ఒక యూరియా అంటే 60, 34 కి 60 గట్ల చేస్తే 3882 టన్నులు వచ్చింది మామా. మరి మిగిలిన 32 టన్నులు ఏడ పోతున్నయ్?