ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్: ఒక్క గుణింతం తేడా

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. పరీక్షలో 'బ్యూటీన్' రాయాల్సిన చోట 'బ్యూటేన్' అని రాసింది, మార్కు పోయింది. "ఒక్క అక్షరమే కదమ్మా" అని బాధపడుతోంది. నిజానికి అక్షరం కూడా కాదు, గుడిదీర్ఘం బదులు ఏత్వం పడింది, అంతే. ఈ పేర్లకి తేలిగ్గా గుర్తుండే తెలుగు మాటలు ఉన్నాయాండీ?

జవాబు: అమ్మా, ఆ మార్కు పోవడం సబబే. అక్కడ గుణింతం మారితే పదార్థమే మారిపోతుంది. వేరే మాటలు వెతకక్కర్లేదు, ఈ పేర్లు మన లిపిలో ఎంతో అందంగా అమరాయి. 1866లో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాల) పేర్లలో, హైడ్రోజన్ తగ్గేకొద్దీ అచ్చుల్ని వరుసగా వాడదామన్నాడు. ఇంగ్లీషులో ఏ, ఈ, ఐ. మనకి కేన్, కీన్, కైన్: బ్యూటేన్ ఒక ఆల్కేన్, బ్యూటీన్ ఒక ఆల్కీన్. (తర్వాత ఐ బదులు వై రాయడం మొదలైనా మన చెవికి ఐత్వమే.) అంతకు ఏడాది ముందు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రోకే ఆట బంతులతో అణువుల నమూనాలు చేసి చూపించిందీ ఆయనే. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు అన్న రంగులు అప్పటివే.

అమ్మాయి చేత కూడా చేయించండి. నాలుగు నల్ల ఉండలు వరసగా అగ్గిపుల్లలతో కలపాలి, పుల్లంటే అణువులో బంధం అన్నమాట. ప్రతి నల్ల ఉండకీ నాలుగు పుల్లలు ఉండి తీరాలి. అప్పుడు తెల్ల ఉండలు పది పడతాయి, అది బ్యూటేన్. పక్కపక్కనున్న రెండు నల్లవాటి నుంచి చెరొక తెల్ల ఉండ పీకేయమనండి. ఖాళీ అయిన రెండు చోట్లనీ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క వంచి కలపాలి, పుల్లయితే వంగదు. ఒంటి పుల్ల మీద గిర్రున తిరిగిన ఉండ ఇప్పుడు తిరగనని మొండికేస్తుంది. తెల్లవి ఎనిమిది. అది బ్యూటీన్. అదే జత నుంచి ఇంకో రెండు పీకి మరో ముక్క బిగిస్తే బ్యూటైన్.

ప్రశ్న: రాత్రి చేశామండీ! ట్యూబు ముక్క ఒకసారి చివర, ఒకసారి మధ్యలో పెట్టింది. రెండింటికీ తెల్లవి ఎనిమిదే. "రెండూ బ్యూటీనేనా?" అంటోంది.

జవాబు: రెండూ బ్యూటీన్లే, కానీ వేరువేరు పదార్థాలు. అందుకే పేరుకి అంకె కావాలి. చివర ఉంటే 1-బ్యూటీన్, మధ్యలో ఉంటే 2-బ్యూటీన్. చివరిదాన్ని అటు నుంచి లెక్కపెడితే 3 కదా అని అడుగుతుంది. నమూనాని తిప్పి పట్టుకోమనండి, అది 1 ఎందుకయిందో తనే చెప్తుంది.