వాకిలి టైల్స్ మీద తెల్లటి మరకలు: ఎంత కడిగినా మళ్ళీ వస్తున్నాయి

ప్రశ్న (పాలకొల్లు వాసి)

పెద్దలకు నమస్కారం. మా ఇల్లు పంటకాలువ పక్కన, మెరక తోలించిన స్థలంలో ఉంది. గత వేసవిలో పోర్టికోలోను, దాని ముందున్న ఖాళీ జాగాలోను గరుకు రకం విట్రిఫైడ్ పార్కింగ్ టైల్స్ వేయించాము. వానలు మొదలైన తరువాత జాయింట్ల వెంట తెల్లటి చారలు, కుళాయి దగ్గర పెద్ద మచ్చ ఏర్పడ్డాయి. ఫినాయిల్‌తోను, సబ్బు పొడితోను రుద్ది కడిగితే తడిగా ఉన్నంతసేపు కనబడవు గాని, ఆరగానే మళ్ళీ తెల్లగా తేలుతున్నాయి. మా తాపీమేస్త్రి యాసిడ్ పోసి కడగమంటున్నాడు. అయితే మెట్లకు తాండూరు రాయి వేయించాము; పక్కింటివారు అలాగే యాసిడ్ పోయగా వారి మెట్ల నునుపు పోయి గచ్చులాగా మారింది. ఈ తెలుపు అసలు ఏమిటి, దేనితో పోతుంది, తిరిగి రాకుండా ఏమి చేయాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (అమలాపురం, విశ్రాంత ఇంజనీరు)

మీరు వర్ణించినదాంట్లో కనీసం రెండు రకాల తెలుపు ఉన్నదని నాకు తోస్తున్నది. జాయింట్ల వెంట వచ్చేది సిమెంటు నుండి పుట్టినది. టైల్ కింది మాలులో సిమెంటు గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. అడుగున చేరిన నీరు ఆ సున్నాన్ని కరిగించుకొని జాయింట్ల గుండా పైకి వచ్చి, ఎండలో తాను ఆవిరైపోయి, సున్నాన్ని పైన వదిలిపెడుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. దానికి నీటిలో కరిగే గుణం దాదాపు లేదు కాబట్టి సబ్బుకు లొంగదు. దీనికి తోడు మెరక మట్టిలోగాని, ఇసుకలోగాని ఉప్పు ఉంటే ఆ లవణాలు కూడా అదే దారిన పైకి వస్తాయి. ఇవి మాత్రం నీటిలో కరుగుతాయి. కుళాయి దగ్గరి మచ్చ బోరు నీటిది కావచ్చు. సముద్రతీరానికి దగ్గరపడే కొద్దీ మన డెల్టాలో బోరు నీరు ఉప్పగా, కఠినంగా ఉండటం మీకు తెలియనిది కాదు.

యాసిడ్ సీసా మూత తీసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బాగా ఆరిన రోజున ఆ తెలుపును బ్లేడుతో గీకి, పొడిని రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని గ్లాసు నీటిలో కలపండి. కరిగిపోతే అది లవణం. రెండవ భాగం మీద వెనిగర్ చుక్కలు వేయండి. నురగ వస్తే కార్బొనేట్. వెనిగర్‌ను నేరుగా జాయింటు మీద వేసి చూడవద్దు, ఎందుకంటే అక్కడున్న సిమెంటు కూడా నురగ తెచ్చి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

జవాబు (తణుకు, టైల్స్ పని చేయించే వ్యక్తి)

ఇంజనీరు గారు చెప్పిన పరీక్షలో కరిగే లవణమని తేలితే ముందు నీళ్ళు పోయకండి. పొడిగా ఉన్నప్పుడే గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, పొడిని ఊడ్చి బయట పారవేయండి. నీళ్ళు పోస్తే అదే ఉప్పు కరిగి మళ్ళీ జాయింట్లలోకి దిగుతుంది. ఇనుప తీగల బ్రష్ వాడితే తుప్పు మరకలు కొత్తగా తెచ్చుకున్నట్టే.

నురగ వచ్చే రకానికి నేను సల్ఫామిక్ యాసిడ్ వాడిస్తాను. ఇది పొడి రూపంలో దొరుకుతుంది, మేస్త్రీలు వాడే మురియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ లాగా ఘాటైన పొగ రాదు. లీటరు నీటికి 50 గ్రాములతో మొదలుపెట్టి, ముందుగా ఒక మూల టైల్ మీద చూసుకోవాలి. నేలను మొదట మంచినీటితో బాగా తడపాలి. జాయింట్లు నీరు తాగి ఉంటే యాసిడ్‌ను లోపలికి పీల్చుకోవు. తరువాత ద్రావణం పోసి, కొద్ది నిమిషాలు ఉంచి, ఆరనివ్వకుండా బ్రష్‌తో రుద్ది కడగాలి. చివర వంటసోడా కలిపిన నీళ్ళు ఒకసారి పోసి, మళ్ళీ కడిగి వైపర్‌తో లాగేయాలి.

మురియాటిక్ తప్పదనుకుంటే ఒక పాలు యాసిడ్‌కు పది పాళ్ళు నీరు తీసుకోండి. ఎప్పుడైనా నీటిలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీరు పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. బండిని, వీలైతే ఇనుప గేటును ఆ పొగకు దూరంగా ఉంచాలి. బ్లీచింగ్ పౌడర్‌తో దీనిని కలిపితే విషపు క్లోరిన్ వాయువు వెలువడుతుంది కాబట్టి, ముందు రోజు బ్లీచింగ్ చల్లి ఉంటే దానిని పూర్తిగా కడిగిన తరువాతే పని మొదలుపెట్టాలి. మీ తాండూరు మెట్లు సున్నపురాయి. వాటి మీద ఈ రెండూ వద్దు, వెనిగర్, నిమ్మరసం కూడా వద్దు. పని చేసేటప్పుడు మెట్ల అంచున ప్లాస్టిక్ పట్టా పరిచి, ద్రావణం అటు పారకుండా చూసుకోండి.

జవాబు (రాజోలు, గృహిణి)

మా వాకిట్లో ఇటువంటి మచ్చకు సగం కారణం ముగ్గు. గరుకు టైల్స్ మీద రోజూ రాతిముగ్గు వేసి దాని మీదే నీళ్ళు చల్లుతుంటే ఆ పొడి గుంతల్లో పట్టుకుపోతుంది. బియ్యప్పిండి ముగ్గుకు ఈ బాధ లేదు, చీమలకూ ఆహారమవుతుంది. ఇక ఆఖరి కడుగుడుకు బోరు నీళ్ళు వాడితే మచ్చను మళ్ళీ మనమే అంటించినట్టు. కాలువ నీటితో నింపిన చెరువు నుండి వచ్చే పంచాయతీ కుళాయి నీరు పట్టి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష చేశాను. జాయింట్ల పొడి కొంత నీటిలో కరిగింది, మిగిలినది వెనిగర్‌కు నురగ ఇచ్చింది. కుళాయి దగ్గరిది కరగలేదు, నురగ మాత్రం వచ్చింది. మూల టైల్ మీద సల్ఫామిక్ బాగా పనిచేసింది. ఇప్పుడే అంతా శుభ్రం చేసి పైన మెరుపు సీలర్ కొట్టిస్తే మంచిదని దుకాణంలో చెబుతున్నారు. కొట్టించవచ్చునా?

జవాబు (అమలాపురం, విశ్రాంత ఇంజనీరు)

ఇప్పుడు వద్దండీ. కాలువలు పారుతున్నంత కాలం మీ స్థలంలో భూగర్భజలం పైకే ఉంటుంది, తడి ఎక్కుతూనే ఉంటుంది. పొరలాగా అంటుకునే సీలర్ వేస్తే ఆ తడి కింద చిక్కుకొని, పొర ఉబ్బి పొలుసులుగా లేస్తుంది; ఆ పొలుసుల కింద తెలుపు పేరుకుంటే తీయడం ఇప్పటికంటె కష్టం. ప్రస్తుతానికి తెలుపు తీసి, నీరు నిలిచే చోటు ఎక్కడుందో గమనించండి. కుళాయి దగ్గర వాటం సరిగా లేకపోతే అక్కడి టైల్స్ లేపి వేయించడం ఏ మందుకన్నా మేలు. గోడ వెంట నీరు నేలలోకి ఇంకకుండా చిన్న కాలువ తీయించండి.

దాళ్వా కోతలై కాలువలు కట్టేసిన తరువాత, నడి వేసవిలో, రెండు మూడు చోట్ల జాయింట్లు మధ్యకు వచ్చేటట్టు పాలిథిన్ ముక్కలను నాలుగు అంచులా టేపుతో బిగించి ఒక రోజంతా ఉంచండి. లోపలి వైపు చెమ్మ పట్టకపోతే అప్పుడు పాత జాయింట్లు గీకించి, కొత్తగా ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటుకు బదులు జాయింట్లలో నింపే రెసిన్ ముద్ద) పెట్టించవచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే ఉన్న జాయింట్లకే సైలేన్, సైలాక్సేన్ రకం సీలర్ పట్టించండి. అది పొర కట్టదు, లోపలి ఆవిరిని బయటకు పోనిస్తుంది. విట్రిఫైడ్ టైల్ పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు కనుక టైల్ మీద ఏమీ పూయనక్కరలేదు. పాలిథిన్ కింద చెమ్మ కనబడితే సీలర్ డబ్బులు దాచుకొని, మెరక కింది తడికి దారి చూపే పని ముందు చేయించండి.