హనుమకొండలో పాటల కచేరీలకు రాత్రి పది గంటల గడువు సడలించాలా?

కీబోర్డ్ మాస్టర్:
బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాదిరాయి వేస్తే, తలుపులు తెరిచేసరికి 2024 నవంబర్ వచ్చింది. ఆలస్యమైనా మంచి హాలే. కానీ వెయ్యికి పైగా సీట్లున్న హాలు మాలాంటి చిన్న ఆర్కెస్ట్రాకు ఎందుకు? రెండు వందల మంది వస్తే ముందు వరసలు నిండి, వెనకంతా బోసిగా ఉంటుంది. అందుకే ఊళ్లో లాన్‌లు చూసుకుంటున్నాం. అక్కడేమో సరిగ్గా జనం ఊపందుకునే వేళకు పెట్రోలింగ్ బండి వస్తుంది, మైక్ కట్. శనివారాలైనా 11 దాకా వదిలేయాలి. వినాయక నిమజ్జనానికి లేని అడ్డు మా పాటకేంటి?

నక్కలగుట్ట నివాసి:
మాస్టారూ, మా ఇబ్బంది మీ పాటతో కాదు, మీ బాస్ స్పీకర్‌తో. మా వెనక వీధిలో ఒక లాన్ ఉంది. ఏ పాట పాడుతున్నారో కూడా మాకు తెలియదు, ఆ దబ్ దబ్ మాత్రం గోడల్లోంచి వస్తుంది. వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుంటాయి. ఒక గదిలో మంచం మీద మా అత్తగారు, ఇంకో గదిలో ఇంటర్ పరీక్షలకు చదివే పిల్ల. శనివారం ఒక్కటే అంటున్నారు, పెళ్లిళ్ల సీజన్లో వారమంతా బరాత్‌లే కదా! నిమజ్జనం ఏడాదికోసారి. దాన్ని చూపించి వారం వారం అడగడం ఏం న్యాయం?

ఓరుగల్లు వకీలు:
మాస్టర్ గారు అడిగింది పోలీసుల చేతిలో లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. పండుగలకు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. శనివారాలు 52. ఇక లెక్క మీరే వేసుకోండి.

అయితే ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంకెట్ హాలు లాంటి నాలుగు గోడల చోట్లకు, లోపలివాళ్లకు వినిపించేంతవరకు, రాత్రి కూడా మినహాయింపు ఉంది. లాన్‌కు లేదు.

ఇంకో మాట. పదిలోపు ఎంతైనా మోగించొచ్చనుకోవడం తప్పు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర మోత ఆ పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు. సాయంత్రం ఏడింటికైనా సరే, మోత ఆ ప్రాంత పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటితే ఫిర్యాదు చేయొచ్చు.

మైక్‌సెట్ అన్న:
వకీల్ సాబ్ చెప్పింది సరే. నేను స్టేజీ పక్కన మిక్సర్ ముందు కూర్చునేవాణ్ని, అసలు సంగతి నేను చెప్తా. కరపత్రం మీద సాయంత్రం 6 అని ఉంటుంది. ఆరింటికి మేం ఇంకా వైర్లు పరుస్తుంటాం. ఏడింటికి జనం వస్తారు. ముఖ్య అతిథి 'దారిలో ఉన్నారు'. ఎనిమిదికి దిగుతారు. జ్యోతి ప్రజ్వలన అంటారు, ఫ్యాన్ గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుంది, ఫ్యాన్ ఆపమని నన్ను కేకేస్తారు. తర్వాత ఒక్కొక్కరినీ పైకి పిలవడం, శాలువా, మెమెంటో, ఫొటో. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ శాలువా. 'రెండే రెండు మాటలు' అని మైక్ అందుకున్నాయన వదలడు. మొదటి పాట మొదలయ్యేసరికి తొమ్మిదింపావు. పదికి పోలీసులు వచ్చారని ఏడుపు! గడువు 11 చేయండి, అతిథి తొమ్మిదికి వస్తాడు.

హాలు సంగతికొస్తే, ఆషాఢంలో, మూఢంలో ఫంక్షన్ హాళ్లన్నీ ఖాళీగా పడి ఉంటాయి. అప్పుడు అడిగి చూడండి, బాడుగ మాట ఎంత మెత్తబడుతుందో. వానల్లో లాన్‌లో ఎలాగూ చేయలేం. గచ్చు నేల, అద్దాల గోడలున్న హాల్లో మోత తిరిగి కొడుతుందన్నది నిజమే. వెనక గోడకు టెంట్‌హౌస్ పరదాలు మందంగా కట్టించండి, కింద జంపఖానాలు పరిపించండి. రెండు వందల మందికి నాలుగు పెద్ద సబ్‌లు, అదే ఆ బాస్ స్పీకర్లు, ఎందుకు? నా బాడుగ తగ్గే మాట నేనే చెప్తున్నా, గమనించండి.

కీబోర్డ్ మాస్టర్:
అన్నా, అన్నీ బాగానే చెప్పావు. ఆ అతిథులే లేకపోతే స్పాన్సర్ లేడు. మన ఊళ్లో లోకల్ ఆర్కెస్ట్రాకు టికెట్ కొనేదెవరు? శాలువా కప్పితేనే హాలు బాడుగ చేతికొస్తుంది. ఆషాఢం ఆలోచన మాత్రం నచ్చింది, అడిగి చూస్తా.

మైక్‌సెట్ అన్న:
అయితే శాలువాలు ఆఖర్న పెట్టుకో.

నక్కలగుట్ట నివాసి:
పది దాటాకే కప్పుకోండి, మాకేం అభ్యంతరం లేదు. దానికి మైక్ అక్కర్లేదుగా.