బాస్ లేడు, ఓనర్ లేడు, డబ్బు లేదు: ఇలాంటి సమాజం నడుస్తుందా? మీరు చూసింది చెప్పండి

హొరమావు_హరి:
అందరికీ నమస్కారం. ఆఫీసులో ప్రాజెక్ట్ లేక మూడు వారాలుగా బెంచ్ మీద ఉన్నా. ఖాళీగా కూర్చుని క్రోపోట్కిన్ చదవడం మొదలుపెట్టా. జార్ కాలపు రష్యాలో రాజవంశంలో పుట్టి, బిరుదు వదిలేసుకుని, జైలుకెళ్లిన మనిషి. జీవులు పోటీ వల్లే కాదు, ఒకదానికొకటి సాయపడటం వల్ల కూడా నిలబడ్డాయని, సైబీరియాలో కళ్లారా చూసిన సంగతులతో 1902లో పుస్తకం వేశాడు. పెట్టుబడిదారూ వద్దు, పైన కూర్చుని ఆజ్ఞలు వేసే ప్రభుత్వమూ వద్దు, జనమే చిన్న చిన్న సంఘాలుగా కలిసి అన్నీ నడుపుకోవాలంటాడు. చదువుతుంటే బాగుంది. కిటికీలోంచి రింగ్ రోడ్డు చూస్తే నమ్మకం పోతోంది.

మీలో ఎవరైనా బాస్ లేని చోట పనిచేశారా? కోటికి పైగా జనం ఉన్న ఈ బెంగళూరులో డబ్బు లేకుండా నీళ్లు, కరెంటు, బియ్యం ఎలా అందుతాయి? ముందు ప్రభుత్వాన్ని చేతిలోకి తీసుకోవాలా, దాని జోలికే పోకూడదా? పుస్తకాల పేర్లు చెప్పొద్దు ప్లీజ్.

బీటీఎం_బ్రహ్మచారి:
అన్నా, మొదటి ప్రశ్న ఒక్కటే నాకు తెలుసు. మా ఫ్లాట్‌లో ఐదుగురం. ఇద్దరిది కడప, ఒకడిది ఖమ్మం, ఒకడిది శ్రీకాకుళం, నేను. బాస్ లేడు. అద్దె సమానం, గదులు చీటీలేసి పంచుకున్నాం, బియ్యం గ్యాస్ ఉమ్మడి. నాలుగు నెలలు స్వర్గం.

తర్వాత అంట్లు వచ్చాయి. వంటకు అందరూ ముందుకొస్తారు, మెచ్చుకుంటారు కదా. పప్పు మాడిన కుక్కర్ తోమడానికి ఒక్కడూ రాడు. ఫ్రిజ్ మీద వంతుల పట్టీ అంటించాం. ఖమ్మం వాడు తన వంతు రోజు బయట తినేసి వచ్చి, "నేను గిన్నె ముట్టలేదు, నేనెందుకు తోమాలి" అన్నాడు. లాజిక్ కరెక్టే, సింక్ మాత్రం నిండింది. చివరికి రోజూ శ్రీకాకుళం వాడే తోమేవాడు, వాసన భరించలేక. ఎవడి ముక్కు ముందు ఓడిపోతే వాడే పనివాడు. క్రోపోట్కిన్ దీని గురించి ఏమన్నాడో చెప్పు.

డీబగ్_దొర:
నేను రెండేళ్లు "ఫ్లాట్ హైరార్కీ" కంపెనీలో చేశా. పేరు వద్దు. క్యాబిన్లు లేవు, డెజిగ్నేషన్లు లేవు, ఫౌండర్‌ని పేరుతోనే పిలవాలి, బీన్ బ్యాగుల మీద మీటింగులు. ఒకరోజు పొద్దున 11 గంటలకు కాల్‌కి రమ్మన్నారు. 12 నిమిషాల్లో 40 మందిమి బయట. అడుగుదామంటే ఎవర్ని అడగాలి? మేనేజర్ లేడు కదా! పాత కంపెనీలో తిట్టుకోవడానికైనా ఒక మొహం ఉండేది. హైరార్కీ లేదన్న చోటే జాగ్రత్తగా ఉండాలి, అది కనపడకుండా దాక్కుంది అంతే.

పాతకాపు_58:
చిన్నవాళ్లందరూ జోకులు వేస్తున్నారు, సంతోషం. సహకార శాఖలో 31 ఏళ్లు ఆడిట్ చేసి రిటైరైన వాణ్ణి. ఈ సబ్జెక్టు మీద నాకున్నంత అనుభవం ఈ చర్చలో ఇంకెవరికీ ఉండదనుకుంటా. కంపెనీ వాడు బీన్ బ్యాగ్ వేస్తే అది సమానత్వం కాదు నాయనా, షేర్లు ఎవరి పేరున ఉన్నాయో చూడాలి.

బాస్ లేని పని చూడాలంటే రష్యా దాకా ఎందుకు? 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేసి కార్మికుల్ని ఇంటికి పంపుతుంటే, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ చొరవతో ఆ కార్మికులే సొసైటీలు పెట్టుకున్నారు. మొదటిది 1957లో మన బెంగళూరులోనే. కాఫీ తెచ్చిచ్చే మనిషే అందులో సభ్యుడు. మంగళూరు బీడీ యజమానులు, కొత్త కార్మిక చట్టం వస్తోందని, కేరళలోని కన్నూరులో పని ఆపేస్తే 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం పుట్టింది. ఒక దశలో 40 వేల మంది పైచిలుకు చేశారు. అక్కడ బీడీలు చుడుతుంటే ఒకరు కూర్చుని పేపర్ గట్టిగా చదివి వినిపించేవారు, ఆ చదివేవాడి వాటా బీడీలు మిగతావాళ్లు చుట్టేవారు. స్పెయిన్‌లో కార్మికులే సొంతదారులైన సహకార సంఘాల కూటమి మోండ్రాగన్ 1956 నుంచి నడుస్తోంది. అక్కడ పెద్ద మేనేజర్ జీతం అట్టడుగు జీతానికి సుమారు ఆరు రెట్లు దాటదు. మీ కంపెనీలో ఎన్ని రెట్లో లెక్క వేసుకోండి.

రాయచోటి_రాజు:
పెద్దాయనా, కాఫీ హౌస్‌లో ఓనర్ లేడు, ఒప్పుకుంటా. మరి ఆ తలపాగా ఎందుకు? తెల్ల డ్రెస్సు, తలపాగా, నడుముకు పట్టీ. అది తెల్లదొరలకు వడ్డించిన వేషం. ఓనర్ పోయాడు, వేషం పోలేదు.

పాతకాపు_58:
అది యూనిఫాం. డాక్టర్‌కి తెల్లకోటు లేదా?

రాయచోటి_రాజు:
డాక్టర్ కోటు చూసి జనం లేచి నిలబడతారు. సర్వర్ టోపీ చూసి "ఏయ్, ఇటు రా" అంటారు. రెండూ ఒకటేనా? నేను మెజెస్టిక్ దగ్గర ఒక హోటల్లో మూడేళ్లు టోపీ పెట్టుకుని నిలబడ్డవాణ్ణి. ఎండాకాలం తల ఎలా దురద పెడుతుందో మీ ఆడిట్ రిపోర్టులో రాశారా?

చర్చ్‌స్ట్రీట్_చలపతి:
తలపాగా సంగతేమో గానీ, 2009లో ఎంజీ రోడ్డు నుంచి చర్చ్ స్ట్రీట్‌కి మారినప్పటి నుంచి కట్లెట్‌లో ఆ రుచి లేదు. ఇది రాజకీయం కాదు, నాలుక చెప్పే మాట.

పాతకాపు_58:
కట్లెట్ అలాగే ఉంది, మీకు వయసైంది. రాజూ, ఆ తలపాగా వాళ్లు ఉంచుకున్నది. తీసేయాలనుకుంటే సొసైటీ తీర్మానం చేసి తీసేస్తారు. ఆ అధికారం వాళ్ల చేతిలో ఉంది, నేను చెప్పేది అది.

రాయచోటి_రాజు:
కస్టమర్‌కి అదే నచ్చుతుందని ఉంచుకున్నారు సార్. అంటే బాస్ పోలేదు, వచ్చి టేబుల్ ముందు కూర్చున్నాడు.

డీబగ్_దొర:
రాజు చెప్పింది కరెక్ట్. మోండ్రాగన్ మాత్రం ఏం తక్కువ? ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు చేసే వాళ్ల పెద్ద సంస్థ ఫాగోర్ 2013లో దివాలా తీసింది. మార్కెట్‌లో ఉన్నాక ఓనర్ ఉన్నా లేకపోయినా మునిగేది మునుగుతుంది.

పాతకాపు_58:
మునిగాక ఏం జరిగిందో కూడా చెప్పు బాబూ. ఆ కార్మికుల్లో చాలామందికి మిగతా సహకార సంఘాల్లో పని చూపించారు. నీకు 12 నిమిషాలు చూపించారు.

డీబగ్_దొర:
పర్సనల్‌గా రాకండి.

వైట్‌ఫీల్డ్_వదిన:
ఓనర్లు లేని చోటు సంగతి తర్వాత, అందరూ ఓనర్లే అయిన చోటు గురించి నేను చెప్తా. మా అపార్ట్‌మెంట్‌లో 212 ఫ్లాట్లు. అసోసియేషన్, ఎన్నికలు, ఒక ఫ్లాటుకు ఒక ఓటు. పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదని రూల్ తెచ్చారు. సర్వీస్ లిఫ్ట్ ఒకటే, అందులోనే చెత్త బండి కూడా. మా ఇంట్లో చేసే ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అది పాడైన రోజు తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వచ్చింది. నేను మీటింగ్‌లో లేచి మాట్లాడా. ఓటింగ్ పెట్టారు. నాతో కలిపి 17 మంది. పక్కా ప్రజాస్వామ్యం, ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు. లిఫ్ట్ ఎక్కాల్సిన ఆవిడకు మాత్రం ఓటు లేదు.

ఈ చిన్న సంఘాలుగా కలిసి నడుపుకోవడం అంటే నాకు ఆ మీటింగే గుర్తొస్తుంది హరి గారూ.

డీబగ్_దొర:
వదినా, సెక్యూరిటీ కోణం కూడా చూడాలి. మా అపార్ట్‌మెంట్‌లోనూ అలాగే ఉంది, రోజూ వందమంది బయటివాళ్లు వస్తారు.

వైట్‌ఫీల్డ్_వదిన:
బయటివాళ్లా? మీ ఇంటి తాళం చెవి ఆవిడ దగ్గర ఉంటుంది, మీ బీరువా ఆవిడే తుడుస్తుంది. లిఫ్ట్‌లో పక్కన నిలబడితే మాత్రం సెక్యూరిటీ! నలభై మందిలో ఒకడిగా మిమ్మల్ని తీసేస్తే పైన అంత బాధ రాశారే. ఒక మెట్టు కిందికి చూస్తే కళ్లు కనపడవా?

డీబగ్_దొర:
మీరు ఎమోషనల్ అవుతున్నారు.

వైట్‌ఫీల్డ్_వదిన:
అవుతా. ఏం, దానికీ సర్వీస్ లిఫ్ట్ ఉందా?

మోడరేటర్:
ఇద్దరూ ఆపండి. రెండు కామెంట్లు తీసేశాను.

హొరమావు_హరి:
ఫ్రెండ్స్, నీళ్లు కరెంటు ప్రశ్న ఎవరూ ముట్టలేదు. 1936లో బార్సిలోనాలో కార్మిక సంఘాలే ట్రాములు, టెలిఫోన్లు నడిపాయి. అంటే పెద్ద ఊళ్లో కూడా సాధ్యమే కదా?

బీటీఎం_బ్రహ్మచారి:
ట్రాము నడపడానికి అందరూ వస్తారన్నా. డ్రైనేజీలోకి దిగేదెవరు? 2022 జులైలో పౌరకార్మికులు, అదే ఊరు ఊడ్చేవాళ్లు, పర్మనెంట్ చేయమని సమ్మె చేసినప్పుడు మా వీధి మూల చూడాల్సింది. వాళ్లకు బాస్ అక్కర్లేదు అంటే సరే. ఆ రోజు చీపురు నేను పట్టుకుంటానా? నిజం చెప్తున్నా, పట్టుకోను. కుక్కరే తోమలేదు.

పాతకాపు_58:
హరి, నీ నీళ్ల ప్రశ్నకు జవాబు మన పల్లెల్లోనే ఉంది. చెరువు ఎవరి సొంతమూ కాదు. పూడిక ఊరంతా తీసేది, తమిళ దేశంలో దాన్నే కుడిమరామత్తు అన్నారు. సర్కారూ లేదు, కాంట్రాక్టరూ లేడు. నీళ్లు, అడవులు, బీళ్లు ఊళ్లు ఎలా ఉమ్మడిగా కాపాడుకున్నాయో ప్రపంచమంతా పరిశోధించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ ఇచ్చారు. మనవాళ్లు ఎప్పుడో చేసి చూపించారు, మనమే మరిచిపోయాం.

కోలారు_కాంతం:
మరిచిపోలేదండీ. మా తాత నీరుగంటి.

మాది కోలారు పక్క పల్లె, ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు, అంతా మా తాత చేతిలో. ఎంత పెద్ద రైతైనా తన మడవ తాను తెంపకూడదు. వానలు సరిగా పడని ఏడు దామాషా వేసేవాళ్లు. ఆయకట్టు మొత్తం తడవదు కాబట్టి, తూముకు దగ్గరగా ఉన్న నేలనే అందరూ వాటాలు వేసుకుని, ఆ ఒక్క ఏడూ గట్లు మరిచిపోయి సాగు చేసేవాళ్లు. గొప్ప ఏర్పాటే, కాదనను. ఈ అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎండాకాలం ఒక్క ట్యాంకర్ అలా పంచుకోలేరు.

అయితే మా తాతకు సెంటు భూమి లేదు. భూమి లేదు కాబట్టే ఆయన్ని పెట్టారు, పక్షపాతం ఉండదని. పంటకు కళ్లంలో మేర, అంటే కూలికి బదులు గింజలు, కొలిచేవాళ్లు, దూరంగా గోనె పట్టుకుని నిలబడి తీసుకునేవాడు. ఆయన వదిలిన నీళ్లు అందరి మళ్లకూ పనికొచ్చేవి. ఊరి బావి చేంతాడు మాత్రం ఆయన ముట్టకూడదు. సర్కారు లేదు, కాంట్రాక్టరు లేడు అంటున్నారే, మరి ఆయన్ని అక్కడ నిలబెట్టింది ఎవరు?

నల్గొండ_నరేష్:
మా దిక్కు నీరటి అంటారు అక్కా. కథ అదే. మా తాత 1946–51 సంఘం రోజుల్లో, తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగినవాడు. గడీలు ఖాళీ అయినయి, వెట్టి పోయింది, దొరల భూములు పంచారు. ఊరిని కమిటీ నడిపిందంటే నేను నమ్ముతా, ఇంట్లో విన్నా. దళానికి అర్ధరాత్రి అన్నం వండింది మా నాయనమ్మ. పంచిన భూమి కాగితం మీద ఆమె పేరు లేదు. చివరికి ఆ భూమి కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

పాతకాపు_58:
అమ్మాయ్ కాంతం, కులం వేరు, వ్యవస్థ వేరు. చెరువు నిర్వహణలోని సూత్రం తీసుకుని కులాన్ని వదిలేస్తే సరి. ఆవేశపడితే చర్చ ముందుకు సాగదు.

కోలారు_కాంతం:
అమ్మాయిని కాదు, నాకు 41. ఆవేశమూ లేదు. వదిలేస్తే సరి అని మీరు అంత తేలిగ్గా అంటున్నారు, ఆ సూత్రం పనిచేసిందే కులం మీద. రాత్రి రెండింటికి కట్ట మీద తిరగడానికి కాదనలేని మనిషి ఉన్నాడు కాబట్టి తిరిగాడు. పల్లెను ఊరికే పొగడొద్దని అంబేద్కర్ 1948 నవంబర్‌లోనే రాజ్యాంగ సభలో గట్టిగా చెప్పారు. మీ ఆడిట్‌లో తూములు లెక్కేశారు సరే, తూము దగ్గర ఎవరున్నారో చూశారా?

నాకూ బాస్ లేని సమాజం కావాలి, అందరికంటే ఎక్కువ కావాలి. అందులో నీరుగంటి పని వంతులవారీగా వస్తుందా, పాత ఇంటికే వస్తుందా? అది ముందు చెప్పండి.

రాయచోటి_రాజు:
అక్కా, దండం.

చర్చ్‌స్ట్రీట్_చలపతి:
వచ్చే ఆదివారం కాఫీ హౌస్‌లో కలుద్దామా అందరం? కట్లెట్ సంగతి కూడా అక్కడే తేల్చుకోవచ్చు.

పాతకాపు_58:
నేను రాను.

హొరమావు_హరి:
అందరికీ థాంక్స్. నాకు ప్రాజెక్ట్ దొరికింది, సోమవారం నుంచి ఆఫీసు. ఆదివారం వస్తా. నా మూడో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

బీటీఎం_బ్రహ్మచారి:
కాంతం అక్కా, ఇప్పుడు మీ చెరువులో నీళ్లున్నాయా? నీరుగంటి ఉన్నాడా?

కోలారు_కాంతం:
నీరుగంటి లేడు, మా మామయ్యతోనే పోయింది ఆ పని. నీళ్లు ఉన్నాయి. 2018 నుంచి కె.సి. వ్యాలీ (కోరమంగళ–చల్లఘట్ట లోయ) పథకం కింద మీ బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో మా కోలారు చెరువులకు పంపుతున్నారు. ఏ చెరువు ముందు నిండాలో పంపుల దగ్గర ఇంజనీర్లు చూసుకుంటారు.

బీటీఎం_బ్రహ్మచారి:
అంటే మా సింక్ నీళ్లా??

కోలారు_కాంతం:
బీటీఎం అంటే కోరమంగళ లోయలోకే వస్తుంది కదా. శుద్ధి చేసే పంపుతారులే. అయినా కుక్కర్ అడుగున నూనె కాగితంతో తుడిచి చెత్తలో వెయ్యండి, సింక్‌లో పొయ్యకండి.

బీటీఎం_బ్రహ్మచారి:
శ్రీకాకుళం వాడికి చెప్తా అక్కా.